జానీమియా పావురాలకు నేను చేసిన సేవ

కృష్ణ యొడ్డునున్న కేసరీతనయుఁడా!
తప్పు చేసినాఁడఁ దాళుమయ్య;
పావురాల యింటఁ బండితుం డొనరించు
చేటు నీకె తెలియుఁ జెప్పనిమ్ము.

మిత్రులారా! బీచుపల్లి ఆంజనేయునికి ముందుగా మొక్కి మొదలుపెట్టాను. ఎందుకంటే ఈ కథకు ఆ స్వామి తప్ప నన్ను వెనకేసుకొచ్చేవారు మరొకరు లేరు. ఇది గద్వాలలో ముప్పయ్యేళ్లు బడిపిల్లలకు ఛందస్సు నేర్పి విశ్రాంతి పొందిన శేషాచార్యుడనే నా కథ. ఇంకా నిజం చెప్పాలంటే, నా పొరుగింటి జానీమియా పెంచుకునే అరవై జతల పావురాల కథ. పోయిన నెలలో ఆ పక్షులకు నేను భక్తిశ్రద్ధలతో సేవ చేశాను. అటువంటి సేవ తరువాత కూడా జానీమియా నాతో ఇంకా మాట్లాడుతున్నాడంటే, అది పూర్తిగా ఆయన గొప్పతనమే! చాయ్ చల్లారనివ్వకండి, తాగుతూ వినండి.

జానీమియా ఇదివరకు లారీ నడిపేవాడు. హైవే మీద ఇరవై ఏళ్లు తిరిగి, నడుము అరిగిపోయి, చివరకు స్టీరింగు వదిలి ఇంటి వెనుక రేకుల షెడ్డు వేసుకున్నాడు. అందులో గోడనిండా చెక్కగూళ్లు. గూటికొక జత. ఆ జతలు పొదిగి పెంచిన పిల్లలను అమ్ముకుని బతుకుతున్నాడు. ఆ పిల్లలు ఎక్కడికి పోతాయో నేనెన్నడూ అడగలేదు. నేను శాకాహారినని ఎరిగిన జానీమియా ఎన్నడూ చెప్పలేదు. మా పొరుగు స్నేహం ఈ మౌనం మీదనే చక్కగా నిలిచి ఉంది.

పోయిన నెల ఆయన తల్లి బీబమ్మ వాకిట్లో జారిపడి తుంటి విరగగొట్టుకుంది. సరిగ్గా అదే వారంలో పావురాలకు కడుపుజబ్బు పట్టుకుంది. పచ్చటి నీళ్లవిరేచనాలు! మా పశువైద్యశాల డాక్టర్ సువార్త వచ్చి మందులిచ్చి జబ్బునైతే తగ్గించింది. ఈ సువార్త నా దగ్గర తొమ్మిది, పది తరగతులు చదివిన పిల్లే. అప్పట్లో యతి తప్పితే ఆ పాదాన్ని మూడుసార్లు చెప్పించేవాణ్ని. ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఆ మరునాటి ఉదయం జానీమియా మా గడపలో నిలబడ్డాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"పంతులు సాబ్, అమ్మను కర్నూలు దవాఖానకు తీస్కపోతున్న. ఆపరేషనంట. బేగం కూడ ఎంబడి వస్తుంది. రెండు వారాలు ఇంట్ల ఎవ్వరుండరు. జర నా కబూతర్లను చూస్కుంటరా?"

"చూసుకుంటానయ్యా. అదెంత పని!"

"దానా ఏసుడు, నీళ్లు పెట్టుడు, గంతే. గని నీళ్లల్ల డాక్టరమ్మ ఇచ్చిన పౌడర్ కలపాలె. అదొక్కటి మర్వకుండ్రి. ఈ జోడీలు సక్కగ కాకపోతే, మల్ల లారీ ఎక్కుడే నాకు. నడుమేమో వద్దంటుంది."

అంటూ తాళంచెవి నా చేతిలో పెట్టాడు.  నేను గంభీరంగా, "నిశ్చింతగా వెళ్లిరా. నీ పక్షులు ఇకమీదట నా బిడ్డలు" అన్నాను. ఇప్పుడా మాట తలుచుకుంటే చెంపలు వేసుకోబుద్ధవుతుంది!

మధ్యాహ్నానికి సువార్త వచ్చి, నన్ను షెడ్డులో నిలబెట్టి పాఠం చెప్పింది.

"సార్, బాగ వినండి. ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చిన. చెడ్డ క్రిములు పోయినయి. వాటితోటి కడుపుల ఉండే మంచివి కూడ పోయినయి. ఇప్పుడు ఎంత తిన్నా అరుగుతలేదు. గందుకే ఈ ప్రోబయాటిక్ పౌడర్. దీన్ల మంచి క్రిములు ప్రాణంతోటి ఉంటయి. నీళ్లల్ల కలిపి తాపితే కడుపులకు పోయి కాపురం పెడతయి."

"ప్రాణంతోనా?" నేను ప్యాకెట్టును రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఆఁ సార్. కోట్ల లెక్కన ఉంటయి."

"అయితే వాటికి కూడా హింస కలగకుండా చూసుకోవాలి కదమ్మా!"

"గదే సార్ అసలు సంగతి. నల్లా నీళ్లు వద్దు, బ్లీచింగ్ ఉంటది. బోరు నీళ్లే. కాగిన నీళ్లు వద్దు. ఎండల పెట్టొద్దు. పొద్దున కలిపింది పొద్దుగూకంగ పారబోయాలె. పది రోజులు."

ఆ నాలుగు నియమాలనూ నేను అక్కడికక్కడే కంఠస్థం చేసి ఒప్పజెప్పాను. సువార్త సంతోషించి వెళ్లిపోయింది. ఇక్కడివరకు ఈ కథలో ఎవరి దోషమూ లేదు.

మర్నాడు తెల్లవారగానే స్నానం, సంధ్య ముగించుకుని షెడ్డులో ప్రవేశించాను. అక్కడ నీళ్లకోసం జానీమియా పెట్టుకున్న పాత్రలు చూశాను. నీలంరంగు ప్లాస్టిక్ డబ్బాలు! పక్షి తల మాత్రం దూరేటంత సన్నని సందు. లోపల వేలు పెడితే జారుడు పాచి! నాకు ఒళ్లు జలదరించింది. నేను తీర్థం పుచ్చుకోలేని పాత్రలో మరొక ప్రాణికి ఔషధం ఎలా పోస్తాను? అందులోనూ ప్రాణమున్న ఔషధం! కోట్లాది అతిథులు వస్తూ ఉంటే వారికి ఈ పాచిడబ్బాలో విడిది ఏర్పాటు చేస్తామా?

ఇంటికి పరుగెత్తాను. మా తాతగారి నాటి రాగి బిందె దించాను. దేవుడి గదిలోని రాగి పళ్లేలు నాలుగు తీశాను. చాలలేదు. వీధిలో అడిగి మూడు, కోవెల అర్చకులను బతిమాలి నాలుగు తెచ్చాను. మొత్తం పదకొండు! బోరునీళ్లు బిందెలో పోసి, పొడి కలిపి, పళ్లేలనిండా వడ్డించి, షెడ్డంతా వరుసగా పేర్చాను. ఉదయపు వెలుగు రేకుల సందులోంచి పడి ఆ పళ్లేలన్నీ చిన్న చిన్న సూర్యబింబాలలాగా ప్రకాశించాయి. పరవశించిపోయాను!

పరవశం పావుగంట నిలిచింది. మిత్రులారా, పావురానికి వెడల్పాటి పళ్లెంలో నీళ్లు కనబడితే ఏం చేస్తుందో మీకెవరికైనా తెలుసా? స్నానం చేస్తుంది! ముందు ఒక మగపక్షి, మెడ ఉబ్బించుకుని గుర్రుగుర్రుమంటూ వచ్చి, నట్టనడుమ కూర్చుని రెక్కలు కొట్టింది. దాని వెనుక దాని భార్య. వారి వెనుక బంధువర్గం. సగం ఔషధం నేలపాలు, పావువంతు నా ధోవతి పాలు. మిగిలిన దాంట్లో ఈకలు తేలుతున్నాయి!

స్నానాలు మాన్పించడానికి ఒక్కొక్క పళ్లెం నడుమ ఒక్కొక్క గుండ్రాయి పెట్టాను. అవి ఆ రాళ్లెక్కి కూర్చున్నాయి. కూర్చుని ఊరుకున్నాయా? ఏ పని పళ్లెంలో చేయకూడదో ఆ పనే చేశాయి. రాళ్లు తీసేశాను. మళ్లీ స్నానాలు. ఉత్తరీయం విసిరి అదిలిస్తే ఒక ఆడపక్షి ఎగిరివచ్చి నా పిలక మీద వాలి, అక్కడే గూడు కడదామా అన్నట్లు కాళ్లతో సర్దుకోసాగింది. ముప్పయ్యేళ్లు అల్లరి పిల్లలను కనుసన్నతో అదుపు చేసినవాణ్ని, ఈ నూటఇరవై మందిని అదుపు చేయలేకపోయాను!

ప్రతి సాయంత్రం మిగిలిన నీళ్లు పారబోసి, పదకొండు పళ్లేలూ బిందే చింతపండుతో తోముకునేవాణ్ని. ఒక్కొక్కటీ అద్దంలాగా మెరిసేదాకా! మా ఇంటావిడ అలివేలు నడుముమీద చేయి పెట్టుకుని చూసేది.

"ఏందండీ ఇది? నలభై ఏండ్లల్ల నాకొక్క గిన్నె తోమియ్యలే. ఇప్పుడు పావురాలకు పట్టిందా ఆ భాగ్యం?"

"ఇది సేవ, అలివేలూ!"

"మరి నేను చేసేది ఏందో?"

నేను చింతపండు మీద దృష్టి పెట్టాను.

మూడు రోజులు గడిచాయి. పక్షుల విరేచనాలు అట్లాగే ఉన్నాయి. నాలుగో రోజుకు పెద్దవి మెడలు ముడుచుకుని కూర్చోసాగాయి. తల్లీతండ్రీ రెండూ తమ గొంతులోంచి పాలవంటిది తీసి పిల్లల నోళ్లలో పోసి పెంచడం పావురాలకు సహజం. ఆ పోయడం తగ్గిపోయింది. ఐదో రోజు ఉదయం ఒక గూటిలో రెండు పిల్లలు చల్లబడి ఉన్నాయి. అరచేతిలోకి తీసుకుంటే ఇంకా ఈకలు కూడా సరిగా రాలేదు. మునగచెట్టు పాదులో గుంత తవ్వి పూడ్చి, స్నానం చేసి వచ్చి, ఆ పూట అన్నం ముట్టలేకపోయాను.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. కర్నూలునుంచి జానీమియా.

"పంతులు సాబ్, అమ్మ ఆపరేషన్ మంచిగయింది. కబూతర్లెట్లున్నయి?"

"ఆఁ... ఉన్నాయి."

"పిల్లల గొంతుసంచులు నిండుగున్నయా? చేత్తోటి వత్తి చూసిన్రా?"

"చూస్తున్నాను. నీవు అమ్మను చూసుకో."

"మీరున్నరని ధైర్యం, సాబ్!"

ఆ ధైర్యం నా గుండెలో గుండ్రాయిలాగా పడింది. అబద్ధం చెప్పలేదు గదా అని నన్ను నేను సమర్థించుకోబోయాను. నిజం కూడా చెప్పలేదని అలివేలు వంటింట్లోంచే అందించింది.

నాలో కోపం రగిలింది. నియమాలు నాలుగూ తు.చ. తప్పకుండా పాటించాను. పాత్రలా, పరమ పవిత్రాలు. ఇక దోషం ఎక్కడున్నట్లు? పొడిలోనే! ఎవడో దుర్మార్గుడు ప్రాణంలేని సున్నం ప్యాకెట్టులో నింపి అమ్ముతున్నాడు! సువార్త ఆ పొడి తెప్పించింది కొత్తకోటలోని ఒక కోళ్లమందుల దుకాణంనుంచి. మర్నాడు దానా వేసి, నీళ్లు పెట్టి, తొమ్మిది గంటల బస్సెక్కాను. దారిపొడవునా ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను.

దుకాణంలో నడివయసు మనిషి మూటలు కట్టుకుంటున్నాడు. పక్కన ఇద్దరు లారీడ్రైవర్లు బీడీలు కాలుస్తున్నారు. నేను మెట్టు మీదనే నిలబడి, "అయ్యా! మూగప్రాణుల నోట నిర్జీవమైన చూర్ణం పోసి మోసగించడం ఏ ధర్మంలో ఉంది?" అన్నాను.

ఆయన తలెత్తి, "ఏం కావాలె సార్?" అన్నాడు.

"న్యాయం కావాలి!"

"అది మాతాన ఉండదు సార్. కోళ్ల దానా, మందులు, గంతే."

డ్రైవర్లు నవ్వారు. నేను ప్యాకెట్టు తీసి బల్లమీద పెట్టి, జరిగిందంతా చెప్పి, ఆ క్రిములు దారిలోనే చచ్చిపోయాయనడానికి రెండు శిశువుల మరణమే సాక్ష్యమన్నాను. ఆయన నిదానంగా ప్యాకెట్టు తిప్పి చూశాడు.

"సార్, ఇదే డబ్బలకెళ్లి పెబ్బేరు దిక్కు కోళ్లషెడ్డాయన తీస్కపోయిండు. ఆయన కోళ్లు మంచిగున్నయి. మీరు దీన్ల ఇంకేమన్న కలిపిన్రా?"

"బోరునీళ్లు తప్ప మరేమీ కలపలేదు. ప్రమాణం చేయమంటావా?"

"వద్దు సార్, వద్దు. గింత కోపమైతే బీపీ పెరుగుతది. ఇగో, ఫ్రిజ్జులది కొత్తది తీస్కపోండ్రి."

విజయగర్వంతో అందుకున్నాను. వేడికి ఆ ప్రాణులు కమిలిపోతాయేమోనని ఉత్తరీయం తడిపి ప్యాకెట్టుకు చుట్టి, చంటిబిడ్డలాగా ఒడిలో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. పక్కనున్న ఆవిడ, "ఎన్ని నెలలు?" అని అడిగి, తొంగిచూసి, మరో సీటుకు మారిపోయింది.

మర్నాడు ఉదయం ఆ కొత్త పొడిని రెట్టింపు మోతాదులో అదే రాగిబిందెలో కలిపాను. ముందునాటి సాయంత్రం పళ్లేలు మరీ శ్రద్ధగా తోమి ఉన్నాను కూడా! ఆ పై రోజుకు ఇంకో గూటిలో పిల్ల తల వాల్చేసింది. ఇక నా అహంకారం వాలిపోయింది. సువార్తకు ఫోన్ చేశాను.

ఆదివారం. చర్చిలో ప్రార్థన ముగించుకుని తెల్లచీరతోనే నేరుగా షెడ్డుకు వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది సార్ ఇది? పెండ్లిబంతి లెక్క గిన్ని పళ్లేలు?"

"రాగివమ్మా. స్వచ్ఛమైనవి. నేనే స్వయంగా తోముతాను."

"దినాం తోముతున్నరా?"

"ప్రతి సాయంత్రం. చింతపండుతో."

సువార్త జొన్నల బస్తామీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తెలియలేదు.

"మొదటి దినం నుంచి రాగిల్నేనా?"

"కలపడం రాగిబిందెలో, పోయడం రాగిపళ్లెంలో. ఆ ప్లాస్టిక్ డబ్బాలను చేత్తో కూడా ముట్టలేదు!"

"సార్, ఒక ప్రశ్న అడుగుత. మన ఇండ్లల్ల రాగి చెంబుల నీళ్లు పెట్టుకుంటరు గదా. ఎందుకు మంచివంటరు?"

నేను బడిలో లాగానే తడుముకోకుండా, "రాగి స్పర్శవల్ల నీటిలోని క్రిములన్నీ నశిస్తాయి కనుక!" అన్నాను.

షెడ్డులో ఒక పావురం గుర్రుమంది.

సువార్త కదలకుండా నన్నే చూస్తూ, "ఇంకొకసారి చెప్పండి సార్" అంది.

"రాగి స్పర్శవల్ల... నీటిలోని..."

"ఇంకొక్కసారి."

మూడోసారి నోరు తెరవబోతుండగా నాకే అర్థమైంది. గురుదక్షిణ ఇంత ఆలస్యంగా, ఇంత నిండుగా ముడుతుందని నేననుకోలేదు!

"కోట్లాది..." అన్నాను గోడ పట్టుకుని.

"దినాం కోట్లు సార్. పొద్దున కలుపుడు, మధ్యాహ్నానికల్లా ఖతం. తోమకపోయినా జర నయముండె. మీరు దినాం తోమి కత్తికి సాన పట్టినట్టు చేసిండ్రు. పైకెల్లి రాగి ఎక్కువైతే పక్షుల కడుపుకు కూడ మంచిది కాదు."

"నేను చీమను కూడా తొక్కనివాణ్నమ్మా!"

"ఎరుకే సార్. నాది కూడ తప్పే. గిన్నె సంగతి చెప్పలే. రాగిల పోస్తరని ఎవరికి తెలుసు? జానీభాయ్ అయితే చచ్చినా పొయ్యకపోవు."

ప్రాయశ్చిత్తం అప్పుడే మొదలైంది. పళ్లేలన్నీ ఎవరివి వారికి చేరాయి. నేను పాచిడబ్బాలముందు గొంతుక్కూర్చుని, ఒక్కొక్క సందులో వేలు దూర్చి రుద్ది, ఐదేసి సార్లు కడిగాను. సువార్త పక్కన నిలబడి, "ఇంకోసారి కడగండి సార్" అంటూనే ఉంది. ఆ సన్నని సందు ఎందుకుందో అప్పుడు తెలిసింది. పక్షి తల మాత్రమే పడుతుంది. స్నానం కుదరదు! జానీమియా తెలివికి ఆ డబ్బాముందే నమస్కరించాను.

ఆ సాయంత్రమే ఫోన్ తీసుకున్నాను. క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో తెలియక, నాకు తెలిసిన భాషలో మొదలుపెట్టాను.

"జానీమియా! మదీయ అజ్ఞానవశమున ఔషధము నిర్వీర్యమై, శిశుద్వయము కాలధర్మము నొందినది."

 "సాబ్, సిగ్నల్ మంచిగనే ఉంది. గని సమజైతలేదు. జర తెలుగుల చెప్పుండ్రి."

"నీ పిల్లలు రెండు చచ్చిపోయాయి. తప్పు నాదే. రాగి పళ్లేలలో నీళ్లు పెట్టి మందు చెడగొట్టాను."



"జోడీలు ఉన్నయా?"

"ఉన్నాయి."

"అన్ని?"

"అరవై జతలూ. ఇప్పుడే లెక్కపెట్టాను. ఇంకొక పిల్ల నీరసంగా ఉంది. సువార్త చుక్కలుగా జావ పోస్తోంది."

"జోడీలున్నయి గదా. అల్లా మెహర్బానీ. పిల్లలు మల్ల అయితయి. మీరు ఏడ్వకుండ్రి సాబ్."

"నేను ఏడవడం లేదు."

"గొంతు గట్లనే ఉన్నది."

మిత్రులారా, మిగతా రోజులు ఎలా గడిపానో అడగకండి. తెల్లవారకముందే వెళ్లి పావురాల రెట్టలను వంగి వంగి పరిశీలించేవాణ్ని. కళ్లజోడు తుడుచుకుని మరీ చూసేవాణ్ని. నాలుగో రోజున మొట్టమొదటిసారి గట్టిగా, గుండ్రంగా, నడుమ తెల్లటి బొట్టుతో ఒక రెట్ట కనబడింది. అంతటి సౌందర్యం ఈ మధ్యకాలంలో నేనెక్కడా చూడలేదు! అలివేలును పిలుచుకొచ్చి చూపించాను. ఆమె ఒకసారి దాన్ని, ఒకసారి నన్ను చూసి వెనుదిరిగింది. వారంలోపల పెద్దపక్షులు పిల్లల నోళ్లలో నోళ్లు పెట్టి పోయసాగాయి. తల వాల్చిన పిల్ల కూడా లేచి, నా వేలు పొడిచింది. నొప్పి పెట్టినా చేయి తీయలేదు.

జానీమియా తిరిగివచ్చాడు. తల్లిని మంచం మీద పడుకోబెట్టి షెడ్డుకు వచ్చి, గూటికొక పిల్లను తీసి, గొంతుసంచి వత్తి చూశాడు. ఆఖరి గూటిదాకా వెళ్లాక నడుము నిటారుగా చేసి, "ఇగ లారీ ఎక్కే పని లేదు సాబ్" అన్నాడు. నాకు ఊపిరి వచ్చింది.

అదే ఊపులో బీబమ్మను పలకరించడానికి అలివేలుతో కలిసి లోపలికి వెళ్లాను. ఆపరేషన్ తరువాత చాలా రోజులు యాంటీబయాటిక్స్ వాడడంతో ముసలావిడకు కడుపు చెడిందట. డాక్టర్ ఏవో పొడి పొట్లాలు ఇచ్చాడు. జానీమియా భార్య ఒక పొట్లం చింపబోతూ, "ఏమో అమ్మా, దీన్ల ప్రాణమున్న మంచి క్రిములుంటయంట" అని అలివేలుతో చెబుతోంది.

నాకు ఒళ్లంతా ఉత్సాహం పొంగింది. ఈ ఊళ్లో ఈ విషయంలో నాకున్నంత అనుభవం మరెవరికుంది? లేచి రెండు చేతులూ చాచి, "ఇటివ్వమ్మా, నేను కలుపుతాను!" అన్నాను.

"ఒద్దు!" అన్నారు జానీమియా, ఆయన భార్య, నా భార్య, ముగ్గురూ ఒకే శ్రుతిలో. వారందరికన్నా ముందు, తుంటి విరిగి మూడు వారాలుగా కదలలేని బీబమ్మ, మెరుపులాగా చేయి చాచి పొట్లాన్ని లాక్కుని తలగడ కింద దాచేసింది.

"పంతులూ, నువ్వు గా కుర్చిల కూసో. మంచిగ ఒక పద్యం చదువు. గంతకన్న ఏం చెయ్యకు" అంది.

కూర్చున్నాను. చదివాను.

ఈ వృత్తాంతం విన్నవారికీ, వినిపించినవారికీ, ఆకలీ అరుగుదలా సమపాళ్లలో కలుగుగాక! వారి కడుపులలో కంటికి కనబడక కాపురముండే కోట్లాది సాధుప్రాణులు పిల్లాపాపలతో వర్ధిల్లుగాక! వారి గూళ్లలోని పక్షులు, గదులలోని పెద్దలు చల్లగా ఉండుగాక! నావంటి శ్రద్ధగల పండితుడు ఏడు వీధుల మేర వారి పొరుగున లేకుండుగాక! స్వస్తి.